ఊదుగొట్టం

నా కొలువు ఒక్క మాట మీద నడుస్తది.
నల్లగొండ పెద్దాసుపత్రి, పదకొండో నంబరు గది,
పొద్దుందాక అదే మాట:
ఊదు. ఊదు. ఇంకా ఊదు. ఆపకు.
పొద్దుగూకే యాళ్లకు నా ఊపిరే
ఎవలికో బాకీ పడ్డట్టుంటది.

ఇయ్యాల వచ్చినామె పేరు సైదమ్మ.
మర్రిగూడ దిక్కు.
నీళ్లు ఎముకల్ని వంచిన నేల;
గడప దాటంగ తల ముందొచ్చింది, ఒళ్లు తర్వాత.

చీటీ మీదున్నయన్నీ అడగాలె.
బీడీ తాగుతవా?
"నా నోట్లె బీడీ ఎవలు జూసిన్రు బిడ్డా?"
చుట్ట?
"మా అత్త తాగేది."
మరేం పని?
"బడిపిల్లలకు వండుత. పద్దెనిమిదేండ్లాయె.
సర్కారు బడి, సర్కారు బువ్వ,
పొయ్యిలకు సర్కారు తుమ్మ."

ముక్కుకు క్లిప్పు పెట్టి, అట్టగొట్టం చేతికిచ్చిన.
ఆమె దాన్ని తిన్నగ పట్టలే.
ఏటవాలుగ కిందికి వంచింది,
నిప్పు ఏడుందో దేవులాడినట్టు.
కండ్లు మూసుకుంది.
ఊదింది.
ఊది, చప్పున మొఖం పక్కకు తిప్పి
ఎడమ భుజం మీదికెళ్లి గాలి గుంజుకుంది.

అమ్మా, తిప్పొద్దు, ఈడ పొగ లేదు, అన్న.
మళ్లా ఊదింది. మళ్లా తిప్పింది.
మెడ నేర్చిన పని చెవి మాట వినదు.

ఆమె దమ్ము తీసుకునే సందుల
నేను ఆమె లోపలికి పోత. చదివిన చదువు ఊకుండనియ్యదు.
గొంతు కింద గాలిగొట్టం,
మెత్తటి ఎముకతోని ఉంగరాలు,
నిండు ఉంగరాలు గావు, వెనక తెరిచే ఉంటయి:
బువ్వ దిగేందుకు గాలి జాగ ఇడుస్తది.
ఆడికెళ్లి చీలి, చీలిన కొమ్మల్లా మళ్లా చీలి
కొసకు జొన్నకంకుల లెక్క గాలితిత్తులు,
కంటికి ఆనని గింజలు, కోట్లు,
గింజగింజకూ నెత్తురు అల్లిన వల.
దారి పొడుగునా సన్నటి చీపుర్లు
పడ్డ దుమ్మును పైకే ఊడుస్తయి, రాత్రీ పగలూ, కూలి అడగకుండ.
సైదమ్మ చీపుర్లు ఎన్నడో జిగట్ల అంటుకపోయినయి.

అందరూ అనుకుంటరు, గాలి రాక ఆయాసమని.
ఈమెకు వచ్చింది పోదు.
పాత గాలి అర్రలల్ల కూసుంటది
కిరాయి కట్టనోని లెక్క;
కొత్తది గడప కాడ నిలవడి ఎదురుజూస్తది.
కింద గొడుగసొంటి పొర దిగితేనే గదా ఊపిరొచ్చేది;
ఆమెది దిగే ఉన్నది, ఇంక దిగ జాగ లేదు.

తెర మీద గీత లేచింది.
బాగున్నోళ్లది, కిటికీలకెళ్లి కనవడే లతీఫ్ సాబ్ గుట్ట లెక్క
ఒక్క దమ్ముల ఎక్కి, తిన్నగ దిగుతది.
ఆమెది శిఖరం జూడకముందే కుంగింది,
తడిబట్టలేసిన దండెం.
మొదటి సెకనుల రావాల్సిన దాంట్ల సగం గూడ రాలే.
"పాసైన్నా బిడ్డా?" అనడిగింది.
నేను కాయితం ప్రింటు తీసే పనుల వడ్డ.

డాక్టరు పీల్చే మందు రాసిండు. చూపించుడు గూడ నా పనే.
గుళిక పెట్టి, తిప్పి, చేతికిచ్చిన.
ఆమె అండ్ల ఊదింది.
తెల్ల పొడి నా కోటు మీద వడ్డది.
ఊదొద్దమ్మా. పీల్చాలె.
"పీల్చాలెనా?"
లోపలికి.
"నాకా?"
నీకే.
మళ్లా ఊదింది. ఇద్దరం నవ్వినం,
ఆమె నవ్వు దగ్గయ్యిందాక.

నాలుగోసారికి పీల్చింది.
కండ్లు తెరిచే. మొఖం తిప్పకుండ.
పది అంకెలు ఆపుమన్న, ఏడుకే ఇడిచింది.

రేపు పొయ్యి ఎవలు ముట్టిస్తరని నేనడగలే.
ఆమే చెప్పింది: "రేపు గుడ్ల దినం. అరవై రెండు మంది.
కట్టెలు తడిసున్నయి, జల్ది పోవాలె."
రొండికున్న వక్కలతిత్తి ఇప్పి
వక్కలు ఒక పక్కకు జరిపి
మందుగొట్టం అండ్ల పెట్టి
మూతిదారం బిర్రుగ గుంజింది.